రిపోర్టు బడికి ఇవ్వాలా, దాచుకోవాలా?

తన పేరు, ఊరు, ఉంటున్న దేశం బయటపెట్టవద్దని కోరుతూ ఒక తల్లి పంపిన ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమె కొడుక్కి 9 ఏళ్లు, నాలుగో తరగతి చదువుతున్నాడు. కథ ఒకసారి వింటే పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు, నోటిలెక్కలు చకచకా చేస్తాడు. పుస్తకం చేతికిచ్చి చదవమంటే మాత్రం పదం పదానికీ ఆగిపోతాడు, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెప్పేస్తాడు, ఒకే పదాన్ని ఒకే పేజీలో మూడు రకాలుగా రాస్తాడు. రెండేళ్లుగా టీచర్లు డైరీలో ‘తెలివైనవాడే, శ్రద్ధ లేదు’ అనే రాస్తున్నారు. బోర్డు మీది పాఠం ఎక్కించుకోవడం పూర్తికాలేదని ఆటల పీరియడ్‌లో క్లాసులోనే కూర్చోబెడుతున్నారు. నోట్సు ఖాళీగా ఉంటే వాడు మాటలు పడాల్సి వస్తుందని, తోటి పిల్లల నోట్సు ఫోటోలు తెప్పించుకుని రాత్రిళ్లు ఈమే వాడి చేతిరాతను పోలినట్టు రాసి పంపుతున్నారు.

ఇటీవల ఒక సైకాలజిస్టు దగ్గర పరీక్షలు చేయించారు. పిల్లవాడి తెలివితేటలకు లోటేమీ లేదని, చదవడంలో ఇబ్బంది పెట్టే డిస్లెక్సియా ఉందని, రాతలోనూ ఇబ్బంది ఉందని, ఏకాగ్రత సంగతి విడిగా మరోసారి చూడాలని రిపోర్టులో ఉంది. ఆమె భర్త ఆ రిపోర్టును బీరువాలో పెట్టేశారు. “నేనూ చిన్నప్పుడు ఇలాగే ఉండేవాణ్ణి, బాగుపడలేదా? ఆ కాగితం బడికిస్తే వాడి మీద ముద్ర పడిపోతుంది” అన్నది ఆయన మాట. నువ్వు వెంటపడటం వల్లే వాడు ఇలా తయారయ్యాడని అత్తగారు అంటున్నారు. ఈలోగా ప్రిన్సిపాల్ పిలిపించి, నాలుగో తరగతి మళ్లీ చదివించండి, లేదా ‘ఇలాంటి పిల్లల బడి’ చూసుకోండి అని చెప్పి, పిల్లవాణ్ణి అదే తరగతిలో ఉంచడానికి తల్లిదండ్రుల ఇష్టంతోనే ఒప్పుకుంటున్నట్టు ఒక అంగీకారపత్రం చేతికిచ్చారు. రెండు వారాల్లో సంతకం చేసి ఇవ్వాలట. పిల్లవాడు “అమ్మా, నేను మొద్దునా?” అని అడుగుతున్నాడు. ఒకటో తరగతి చదివే చెల్లెలు వాడి కథల పుస్తకాన్నే గడగడా చదివేస్తుంటే లేచి వెళ్లిపోతున్నాడు. రిపోర్టు ఇవ్వాలా వద్దా, బడి మార్చాలా వద్దా, భర్తకు ఎలా చెప్పాలి, పిల్లవాడికి ఏమని చెప్పాలి, చెల్లెలి విషయంలో ఏం చేయాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

*

ముందుగా ఆ అంగీకారపత్రం సంగతి. మీరు ఏ నిర్ణయానికి వచ్చినా సరే, దాని మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. పిల్లవాణ్ణి అదే తరగతిలో ఉంచాలన్నది బడి ఆలోచన అయినప్పుడు, అది మీ ఇష్టంతో జరిగినట్టు రాయించుకోవడం ఎందుకో మీరు ఆలోచించాలి. రెండు వారాల గడువు బడి పెట్టుకున్న గడువే తప్ప పిల్లవాడి అవసరం నుంచి పుట్టింది కాదు. ‘మీ సూచన అందింది. పిల్లవాడి ఇబ్బందికి కారణం తెలుసుకున్నాము, దాని గురించి మీతో కూర్చుని మాట్లాడాలనుకుంటున్నాము. ఆ తరువాతే మా నిర్ణయం చెబుతాము’ అని మూడు వాక్యాలలో జవాబు రాసి పంపితే, మీరు కాదన్నట్టూ ఉండదు, ఒప్పుకున్నట్టూ ఉండదు. ఆ మూడు వాక్యాలు నోటిమాటగా కాకుండా రాతగా వెళ్లడం ముఖ్యం.

ఇక రిపోర్టు. మీ ఉత్తరంలో ఆ కాగితం గురించి ఇచ్చి తీరాల్సిన రహస్యంలాగానో, దాచి తీరాల్సిన రహస్యంలాగానో రాశారు. అందులో ఏముందో మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను దానితోనే మొదలుపెడతాను. డిస్లెక్సియా అంటే చూపులో లోపం కాదు, బుద్ధిలో లోపం కాదు, బద్ధకం అంతకన్నా కాదు. మాటలోని ధ్వనులను విడివిడిగా పట్టుకుని, ఏ ధ్వనికి ఏ అక్షరమో జతపరచి, ఆ జతను ఆలోచించకుండానే గుర్తుపట్టే స్థాయికి తెచ్చుకోవడం అందరు పిల్లలకూ సాధన మీద అబ్బుతుంది. ఈ పిల్లలకు ఆ పని చాలా ఆలస్యంగా, చాలా శ్రమతో జరుగుతుంది. అందువల్లనే మీవాడు విన్న కథను హాయిగా చెప్పగలడు, అదే కథను చదవలేడు. మొదటి అక్షరం చూసి ఊహించడం నిర్లక్ష్యం కాదు. చదవలేని చోట అర్థం మీద ఆధారపడి దాటేయడానికి తెలివైన పిల్లవాడు తానే కనిపెట్టుకున్న ఉపాయం. పలికినట్టే రాసుకునే భాషల్లో ఈ ఇబ్బంది తప్పుల రూపంలో కన్నా చదివే వేగం తగ్గడం రూపంలో బయటపడుతుంది. ఇంగ్లీషులో రాతకూ పలుకుకూ పొంతన తక్కువ కాబట్టి నెమ్మదీ తప్పులూ రెండూ కనిపిస్తాయి. వాడు రెండు భాషల్లో చదువుతున్నట్లయితే, ఒకదానిలో బాగానే చదువుతున్నాడు కదా అని రెండోదానిలో మొండికేస్తున్నాడనుకునే ప్రమాదం ఉంది. టీచర్లకు ఈ సంగతి మీరు చెప్పవలసి రావచ్చు.

ఏకాగ్రత గురించి రిపోర్టులో రాసిన మాటను పక్కన పడేయకండి, అలాగని దాన్ని పట్టుకుని భయపడకండి. బోర్డు మీదిది చదవలేని పిల్లవాడు కిటికీలోంచి చూస్తాడు, పక్కవాణ్ణి కదిలిస్తాడు. అది చదవలేకపోవడం వల్ల వచ్చిన అలసట కావచ్చు. నిజంగానే ఏకాగ్రత లోపం కూడా ఉండవచ్చు, ఎందుకంటే ఈ రెండూ ఒకే పిల్లవాడిలో కనిపించడం అరుదు కాదు. చదువుతో సంబంధం లేని పనుల్లో, అంటే ఆటలో, బొమ్మలు కూర్చడంలో, కథ వినడంలో వాడు ఎలా ఉంటాడో గమనించి పిల్లల డాక్టరుకు చెప్పండి. చెవి, కన్ను పరీక్షలు చేయించకపోతే అవి ముందు చేయించండి. డిస్లెక్సియాకు మందు లేదు. రంగు కళ్లద్దాలతోనో, కంటి వ్యాయామాలతోనో పోగొడతామని చెప్పేవారి దగ్గర డబ్బూ కాలమూ పోగొట్టుకోకండి. చదువు నేర్పే పద్ధతి మారడమే దీనికి మార్గం, దాని గురించి కింద రాస్తాను.

మీ భర్త భయపడుతున్నది ముద్ర గురించి. ఆయన భయం నిరాధారం కాదు. రిపోర్టు చూశాక పిల్లవాడి నుంచి ఏమీ ఆశించడం మానేసే టీచర్లు ఉన్నారు, చెప్పకూడని చోట చెప్పేవారూ ఉన్నారు. అయితే మీవాడి మీద ఇప్పటికే ఒక ముద్ర ఉంది. ‘శ్రద్ధ లేదు’ అని రెండేళ్లుగా డైరీలో ఎక్కుతున్నది అదే. ‘మొద్దు’ అన్నది వాడు తనకు తాను వేసుకోబోతున్న ముద్ర. కాబట్టి ముద్ర ఉండాలా వద్దా అన్నది ఇప్పుడు మీ చేతిలో లేదు. ఉన్న తప్పు మాట స్థానంలో సరైన మాట పెట్టాలా వద్దా అన్నదే మీ చేతిలో ఉంది. బడివాళ్లు వాడి గురించి ఏమనుకుంటున్నారన్న దానికన్నా, వచ్చే సోమవారం క్లాసులో వాడికి ఏది మారాలి అన్న ప్రశ్నను మీరు పట్టుకుంటే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి.

ఆ ప్రశ్న వేసుకుంటే మీ ముందు మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది, రిపోర్టు ప్రస్తావన లేకుండానే చిన్న చిన్న సర్దుబాట్లు అడగడం. మంచి టీచరు దొరికితే ఇది నడుస్తుంది. కాని అది ఆ టీచరు దయ మీద నడుస్తుంది, ఏడాది మారగానే మళ్లీ మొదటికొస్తుంది, పరీక్షల్లో అదనపు సమయం లాంటివి అసలు దొరకవు. రెండోది, పూర్తి రిపోర్టును బడికి ఇచ్చేయడం. అధికారికంగా అడగడానికి ఇది బలాన్నిస్తుంది. అయితే అలాంటి రిపోర్టుల్లో తల్లి గర్భం నాటి విషయాలు, ఇంటి పరిస్థితులు, తల్లిదండ్రుల మధ్య తేడాలు కూడా రాసి ఉండవచ్చు. అవన్నీ స్టాఫ్‌రూములో తిరగవలసిన అవసరం లేదు. మూడోది, సైకాలజిస్టును అడిగి బడికోసం విడిగా ఒకటి రెండు పేజీల లేఖ రాయించుకోవడం. నిర్ధారణ ఏమిటి, అది తరగతిలో ఎలా కనిపిస్తుంది, ఏ సర్దుబాట్లు అవసరం అన్నంతవరకే అందులో ఉంటుంది. ఈ పని చేయడం వారికి అలవాటే. ఆ లేఖ ఎవరెవరు చూస్తారో, ఎక్కడ భద్రపరుస్తారో ముందే అడిగి తెలుసుకోవచ్చు. నా మొగ్గు ఈ మూడోదాని వైపే అని దాచను. మీ భర్త భయానికీ, మీవాడి అవసరానికీ రెండింటికీ ఇందులో చోటుంది. బడి ఆ తరువాత పూర్తి రిపోర్టు కావాలంటే, ఎందుకో రాసి ఇవ్వమని అడిగి అప్పుడు ఆలోచించుకోవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: పెద్ద తరగతుల్లో పబ్లిక్ పరీక్షలకు సదుపాయాలు కావాలంటే ఎక్కడైనా ధ్రువీకరణ అడుగుతారు, దానికి సమయం పడుతుంది. అప్పటిదాకా బీరువాలో ఉంచిన రిపోర్టు పాతబడిపోయి, పరీక్షలన్నీ మళ్లీ చేయించవలసి రావచ్చు.

మీరు రాత్రిళ్లు రాస్తున్న నోట్సు గురించి కొంచెం కఠినంగా చెప్పక తప్పదు. వాణ్ణి కాపాడటానికే చేస్తున్నారని నాకు తెలుసు, ఆ స్థానంలో ఎంతోమంది తల్లులు అదే చేస్తారు. కాని ఫలితం చూడండి. బడి చేతిలో ఉన్న సాక్ష్యం పూర్తయిన నోట్సు. రేపు మీరు వెళ్లి వీడు రాయలేకపోతున్నాడని చెబితే, ఇంటి దగ్గర రాయగలిగినవాడు క్లాసులో ఎందుకు రాయడు అని వాళ్లు అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. పైగా, తన పని తాను చేయలేడని, అది ఇంకొకరు దొంగచాటుగా చేయవలసినదని వాడికి రోజూ తెలుస్తోంది. కాబట్టి రేపటినుంచి వాడు ఎంత రాస్తే అంతే వెళ్లనివ్వండి. హోంవర్కుకు ఒక సమయం పెట్టుకుని, ఆ సమయం కాగానే ఆపేసి, ‘ఇంతసేపు కూర్చున్నాడు, ఇంతవరకే చేయగలిగాడు’ అని కింద ఒక వాక్యం రాసి మీరు సంతకం చేయండి. టీచరుతో ముందు మాట్లాడకుండా ఇది మొదలుపెడితే దెబ్బలు వాడికి తగులుతాయి కనుక, ఆ మాట ముందే చెప్పి ఉంచండి. ఆ సగం పేజీలు మీ సమావేశంలో రిపోర్టుకన్నా ఎక్కువ మాట్లాడతాయి.

చట్టం గురించి మీరు అడగలేదు, అయినా తెలిసి ఉంటే మీ గొంతు నిలకడగా ఉంటుంది. ఉన్న దేశం బయటపెట్టవద్దన్నారు కాబట్టి నాలుగు మాటలు అందరికీ పనికివచ్చేలా రాస్తున్నాను. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 24వ అధికరణం, ఈ పిల్లలను సాధారణ విద్యావ్యవస్థ నుంచి వెలివేయకూడదని, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని చెబుతుంది. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, డిస్లెక్సియా లాంటివి చేరే నిర్దిష్ట అభ్యసన వైకల్యం అందులో ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులు కూడా ఇలాంటి ఇబ్బందిని తొందరగా గుర్తించి తగిన బోధన చర్యలు తీసుకోవాలని దాని 16వ సెక్షన్ అంటుంది. అదే దేశంలో 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా పిల్లలను బడినుంచి తీసివేయకూడదు. 2019లో చేసిన సవరణ కూడా ఐదు, ఎనిమిది తరగతుల్లో మాత్రమే, అదీ మరోసారి పరీక్ష పెట్టిన తరువాతే, వెనక్కి నిలపడానికి వీలు కల్పించింది. నాలుగో తరగతికి ఆ వీలు లేదు. అల్పసంఖ్యాక వర్గాలు నడిపే బడులకు ఈ విద్యాహక్కు చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది కాబట్టి, బడి ఏ కోవకు చెందిందో చూసుకోవాలి. అమెరికాలో ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల విషయంలో మూల్యాంకనం చేయమని తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడగవచ్చు. అర్హత తేలితే ఆ పిల్లవాడికంటూ వ్యక్తిగత విద్యాప్రణాళిక తయారుచేయాలి, 1975 నుంచి ఉన్న చట్టం అది. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం బడుల మీద సహేతుకమైన సర్దుబాట్ల బాధ్యత పెట్టింది.

ఇవన్నీ తెలుసుకుని వెళ్లండి, కాని మొదటి సమావేశంలోనే చట్టాన్ని బల్ల మీద పెట్టకండి. పెట్టిన క్షణం నుంచి అవతలివాళ్లు పిల్లవాడి గురించి కాక తమ రక్షణ గురించి ఆలోచించడం మొదలుపెడతారు. టీచరుకు ఆ ఒక్క గదిలో ఎంతోమంది పిల్లలుంటారు, డిస్లెక్సియా గురించి ఆమెకు శిక్షణలో ఎవరూ సరిగా చెప్పి ఉండకపోవచ్చు. ‘మీ క్లాసులో వాడు ఏ సమయంలో బాగుంటాడు, ఎప్పుడు ఆగిపోతాడు?’ అని ఆమెను ముందు అడిగి, చెప్పింది రాసుకోండి. మీకు తెలియని సంగతులు ఆమెకు తెలిసి ఉంటాయి. సమావేశానికి ప్రిన్సిపాల్‌తో పాటు క్లాస్ టీచరు, స్పెషల్ ఎడ్యుకేటరో (ఇలాంటి పిల్లలకు ప్రత్యేకంగా నేర్పే టీచరు) కౌన్సెలరో ఉంటే వాళ్లూ రావాలని ముందే రాయండి. ఒంటరిగా వెళ్లకండి, భర్త రాకపోతే మాటలు రాసుకోవడానికి నమ్మకమైన బంధువునో స్నేహితురాలినో తీసుకెళ్లండి. ఇంటికి వచ్చాక అదే రోజు, ఏమేమి అనుకున్నారో, ఎవరు ఏం చేస్తామన్నారో, మళ్లీ ఎప్పుడు కలుద్దామన్నారో క్లుప్తంగా మెయిల్ పంపండి. ‘నేను పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి’ అన్న వాక్యంతో ముగించండి. ఆ మెయిల్ మర్యాదగా ఉంటుంది, రేపు అవసరమైతే రుజువుగానూ ఉంటుంది. అప్పటికీ బడి కదలకపోతే, చట్టం పేరు చెప్పే రెండో ఉత్తరం రాయడానికి మీ దగ్గర పునాది ఉంటుంది.

అడిగేవి చిన్నవిగా, జరిగిందో లేదో తెలిసేలా ఉండాలి. ‘వాడి మీద కొంచెం శ్రద్ధ పెట్టండి’ అని అడిగితే ఎవరూ కాదనరు, ఎవరూ చేయరు. బోర్డు మీది నోట్సు అచ్చు కాపీగానో ఫోటోగానో ఇవ్వాలి అని అడగండి. ముందుగా చెప్పకుండా అందరిముందూ లేపి చదివించవద్దు అని అడగండి. సైన్సు, సాంఘికం జవాబుల్లో విషయానికి మార్కులు ఇచ్చి స్పెల్లింగుకు కోయవద్దని, చిన్న పరీక్షల్లో ప్రశ్నలు చదివి వినిపించాలని, కొన్ని జవాబులు నోటితో చెప్పనివ్వాలని, గంటకు ఇన్ని నిమిషాలని అదనపు సమయం నిర్ణయించాలని అడగండి. అన్నిటికన్నా ముందు ఆటల పీరియడ్ తిరిగి ఇవ్వమని అడగండి. అందులో బేరం వద్దు. రోజంతా తనకు చేతకాని పని చేస్తూ కూర్చున్న పిల్లవాడికి చేతనైన ఒక్క గంటను శిక్షగా తీసేయడం ఏ బోధనా పద్ధతిలోనూ సమంజసం కాదు, దాన్ని మీరు ఇన్నాళ్లు సహించారంటే బడి అంటే ఉన్న బెరుకు వల్లే అనుకుంటున్నాను. ఇవన్నీ ఒకేసారి దొరకవు. నాలుగింటికి ఒప్పుకుంటే ఆ నాలుగూ మొదలుపెట్టించి, ఆరేడు వారాల తరువాత మళ్లీ కూర్చుందామని తేదీ తీసుకోండి.

అయితే పైన రాసినవేవీ చదవడం నేర్పవు. అదనపు సమయం ఇస్తే చదవడం రానివాడు ఎక్కువసేపు చదవలేకపోతాడు, అంతే. ఈ తేడా బడులు తరచుగా మరచిపోతాయి, సర్దుబాట్లు ఇచ్చి తమ పని అయిపోయిందనుకుంటాయి. వాడికి విడిగా, చిన్న గుంపులోనో ఒంటరిగానో, ధ్వనుల నుంచి అక్షరాలకు, అక్షరాల నుంచి పదాలకు, ఒక మెట్టు గట్టిపడ్డాకే తరువాతి మెట్టుకు వెళ్తూ, నేరుగా విడమరచి నేర్పే బోధన కావాలి. వారానికి ఒకసారి కన్నా, తక్కువసేపైనా వారంలో ఎక్కువ రోజులు జరగడం మేలు. ఇది మామూలు ట్యూషన్ కాదు. ట్యూషన్‌లో బడి పాఠాన్నే రెండోసారి చెబుతారు. బడిలో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉంటే ఆ పని ఎన్ని రోజులు, ఎంతసేపు చేస్తారో అడగండి. లేకపోతే బయట వెతకాలి, అప్పుడు ‘మీరు ఏ పద్ధతిలో నేర్పుతారు, పురోగతిని ఎలా కొలుస్తారు?’ అని అడిగి, స్పష్టమైన జవాబు వచ్చినవారినే పెట్టుకోండి. 9 ఏళ్లు వచ్చేశాయి, ఆలస్యమైపోయిందని కుంగిపోకండి. ముందే మొదలుపెడితే తేలికగా ఉండేది నిజమే, కాని ఈ వయసు పిల్లలూ, ఇంకా పెద్దవాళ్లూ ఈ బోధనతో బాగుపడతారు. నెమ్మది కొంత మిగిలిపోవచ్చు. చదవడం మాత్రం వస్తుంది. ఇంట్లో మీరు చేయవలసింది పాఠం చెప్పడం కాదు, వాడి ఈడుకు తగిన మంచి పుస్తకాలను రోజూ చదివి వినిపించడం. చదవలేకపోవడం వల్ల వాడి పదసంపద, లోకజ్ఞానం తోటివారికన్నా వెనకబడకుండా అది కాపాడుతుంది.

ఇప్పుడు ప్రిన్సిపాల్ చెప్పిన రెండు ప్రత్యామ్నాయాలు. అదే తరగతి మళ్లీ చదివించడం వల్ల వాడికి దక్కేది అదే పుస్తకం, అదే బోర్డు, అదే పద్ధతి, స్నేహితులు లేని బెంచీ. వయసు పెరిగితే తగ్గే ఇబ్బంది కాదిది, కాబట్టి ఏడాది ఆగడం దానికి జవాబు కాదు. ఏదో ఒక కారణం వల్ల మీరు దానికి ఒప్పుకోవలసి వస్తే, ఆ ఏడాదిలో కొత్తగా ఏం నేర్పుతారో రాసి ఇవ్వమని షరతు పెట్టండి. ప్రత్యేక బడి విషయంలో నాకు వ్యతిరేకత లేదు. కొందరు పిల్లలకు అక్కడే ఊపిరి ఆడుతుంది, తెలిసిన టీచర్లు ఉంటారు, తమలాంటివాళ్లు కనిపిస్తారు. కాని ‘ఇలాంటి పిల్లల బడి’ అని ప్రిన్సిపాల్ అన్న మాటలో ఎలాంటి పిల్లలో ఆయనకే స్పష్టత లేదని తెలుస్తోంది. తెలివితేటలకు లోటు లేని డిస్లెక్సియా పిల్లవాణ్ణి వేరే రకం అవసరాలున్న పిల్లల బడిలో చేరిస్తే చదవడం నేర్పేవారు అక్కడా దొరకకపోవచ్చు. ఇంకొక మామూలు బడికి మార్చడం ఎప్పుడూ ఉన్న దారే. అది కోపంతో చేసే పని కాకూడదు. కొత్త బడికి వెళ్తే చేరకముందే నిర్ధారణ సంగతి చెప్పి, వాళ్ల ముఖంలో వచ్చే జవాబు చూడండి. దాచి చేర్పిస్తే ఆరు నెలల్లో మళ్లీ ఇదే కుర్చీలో కూర్చుంటారు. మీ ప్రస్తుత బడికి ఒక టర్ము అవకాశం ఇచ్చి, రాతలో ఒప్పుకున్నవి కూడా చేయకపోతే అప్పుడు మార్చడం నాకు న్యాయంగా కనిపిస్తోంది. ఈలోగా వాణ్ణి అవమానించడం, కొట్టడం లాంటివి జరిగితే మాత్రం ఆ టర్ము ఆగనక్కరలేదు.

మీ భర్త అన్న మాటలో మీరు గమనించనిదొకటి ఉంది. “నేనూ ఇలాగే ఉండేవాణ్ణి” అన్నారాయన. డిస్లెక్సియా కుటుంబాల్లో నడుస్తుంది. ఆయన మీకు అడ్డుపడుతున్న మనిషిగా మీరు చూస్తున్నారు, కాని ఆ ఇంట్లో మీవాడి బాధకు ఏకైక ప్రత్యక్షసాక్షి ఆయనే కావచ్చు. బాగుపడ్డారు, నిజమే. ఎలా బాగుపడ్డారో, ఎంత మూల్యం చెల్లించి బాగుపడ్డారో అడగండి. బడిలో లేచి చదవమన్నప్పుడు ఏం చేసేవారు, ఏ చదువు చదవాలనుకుని మానుకున్నారు, ఇప్పటికీ పెద్ద పత్రం చదవవలసి వస్తే ఎవరికి ఇస్తారు? వాదంలా కాకుండా, వినాలన్న కోరికతో అడగండి. ఆయనకు కూడా ఒక పేరు దొరకడం తేలిక విషయం కాదు, కొంత వ్యవధి పట్టవచ్చు. రిపోర్టు మొత్తం ఇవ్వడం లేదు, ఒక లేఖ మాత్రమే, అదీ ఆయన చదివి సరేనన్నాకే అని చెబితే ఆయనకు అడుగు వేయడానికి చోటు దొరుకుతుంది. అయినా కాదంటే, మొదటి దారిలోని సర్దుబాట్లతో మొదలుపెట్టి, ఒక తేదీ దాకా చూసి, ఫలితం లేకపోతే లేఖ ఇద్దామన్న ఒప్పందానికి రండి. ఆయనకు తెలియకుండా ఇవ్వవద్దనే నా సలహా. ఆ దాపరికం బయటపడిన రోజు పిల్లవాడి పక్షాన నిలబడవలసిన ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు నిలబడతారు. అత్తగారి మాటకు ఇప్పుడే జవాబు చెప్పవలసిన అవసరం లేదు. కొడుకే చెబితే ఆవిడ వింటారు.

పిల్లవాడు అడిగిన ప్రశ్నకు ‘కాదు నాన్నా’ అని ముద్దుపెట్టి ఊరుకుంటే సరిపోదు. కాకపోతే ఎందుకు చదవలేకపోతున్నానన్న రెండో ప్రశ్న వాడి లోపలే ఉండిపోతుంది. పేరు పెట్టి చెప్పండి. ‘నీకు డిస్లెక్సియా అనేది ఉంది. అక్షరాలనూ శబ్దాలనూ కలిపే పని నీకు అందరికన్నా కష్టం. దానికి వేరే పద్ధతిలో నేర్పేవాళ్లు ఉన్నారు, నువ్వు ఇప్పటిదాకా ఆ పద్ధతి లేకుండానే ఇంత చేశావు. నీ ఆలోచనలో, జ్ఞాపకంలో ఏ లోపమూ లేదు, పరీక్ష చేసినవాళ్లే చెప్పారు’ అని చెప్పండి. గొప్పవాళ్ల పేర్ల జాబితా చదివి వినిపించకండి. తానూ గొప్పవాడు కావాలేమో అన్న బరువు మరొకటి పడుతుంది. బడిలో అడగబోయే సర్దుబాట్ల గురించి వాణ్ణీ అడగండి. 1989 బాలల హక్కుల ఒప్పందం తనకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలంటుంది. ఆ నియమం లేకపోయినా ఇది మంచిదే. నోట్సు కాపీ అందరిముందూ చేతికివ్వడం వాడికి సిగ్గు అనిపించవచ్చు, పుస్తకంలో పెట్టి పంపితే చాలనవచ్చు. మొదటి బెంచీ మీకు సాయంగా తోచినా, వాడికి శిక్షగా తోచవచ్చు. ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో కూడా వాడు నిర్ణయించగల వయసులోనే ఉన్నాడు.

చెల్లెలు చదవడం ఆపనవసరం లేదు, ఆమెను లోపలి గదిలోకి పంపనవసరమూ లేదు. ఆమె సామర్థ్యాన్ని దాస్తే ఇద్దరికీ ఏదో తప్పు జరుగుతోందన్న సందేశమే వెళ్తుంది. ‘అన్నయ్యకు చదివి వినిపించు’ అని మాత్రం అనకండి, వాడు అడిగితే తప్ప. అందరూ కలిసి వినే వేళ ఒకటి పెట్టి, చదివే పని మీరో మీ భర్తో తీసుకోండి. ఆయన కూడా ఆగి ఆగి చదివితే చదవనివ్వండి. మీవాడు వినవలసినది అదే కావచ్చు.